రబ్బరు లెక్కలోకి రాదు

మే 1, 2009, శుక్రవారం

నిర్ణయం అయిపోయింది. ఈ సెలవుల్లో కాలనీ పిల్లలకు బొమ్మలు నేర్పుతాను.

బొమ్మలు గీయడం కాదు. బొమ్మ దేనితో తయారవుతుందో అది. గీత, ఆకారం, రంగు, వెలుగునీడలు, గరుకూ నునుపూ, జాగా. ఇవి వంటబడితే ఆ పైన తూకం, లయ, పొందిక. మంథనిలో డ్రాయింగ్ హయ్యర్ పాసయ్యాను నేను. కాపురానికి గోదావరిఖని వచ్చాక ఆ హయ్యర్ అంతా వాకిట్లో ముగ్గుకే సరిపోయింది. ముగ్గేమో మధ్యాహ్నానికల్లా బొగ్గుదుమ్ము కింద మాయం.

పొద్దున క్లబ్బుకు వెళ్ళి సెక్రటరీ గట్టయ్య కాకను అడిగాను. హాలు పక్కన ఒక గది ఖాళీగా ఉంది. విరిగిన కుర్చీలు, పాడైన మైకుసెట్టు, ఒక కూలరు. కాక గని పనిలోంచి రిటైరై క్లబ్బు పనిలో చేరిన మనిషి. తెల్లచొక్కా తప్ప వేసుకోడు.

"చూడు బిడ్డ, ఈ రూము క్యారంబోర్డుకు కావాలెనని మా రిటైరైనోళ్లు నా పానం తింటున్నరు. నెలాఖరుకు పిల్లల బొమ్మలు గోడకు పెట్టు. తల్లిదండ్రులు మెచ్చుకుంటె ఏడాదంత ఆదివారం ఆదివారం రూము నీదే. లేకుంటె క్యారంబోర్డు" అన్నాడు.

ఆ గది నాకు కావాలి. ఈమధ్య ఏదీ ఇంత గట్టిగా కావాలనిపించలేదు. మా క్వార్టర్‌లో ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో డ్యూటీ దిగి వచ్చిన ఈయన నిద్ర. ఇంకోదాంట్లో వేదిక చదువు. నాకు మిగిలింది స్టవ్వు ముందు నిలబడే జాగా.

నియమాలు:

ఒకటి. ఏ పిల్ల కాగితం మీదా నా పెన్సిలు పడదు. "గీసియ్యి ఆంటీ" అని కాళ్ళమీద పడినా సరే.

రెండు. రెండు గుట్టలు, మధ్యలో సూర్యుడు, ముందు గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. ఈ బొమ్మ నిషేధం. పెన్సిలు ఇస్తే చాలు ప్రతి పిల్లా ఇదే గీస్తుంది. ఖనిలో కొబ్బరిచెట్టు ఎక్కడుంది?

శిక్ష: ఒక్క గీత గీసినా ఆ రోజంతా చాయ్ బంద్.

సాక్షి: వేదిక. నా కూతురే. పదకొండేళ్ళు. జాలి అనేది లేదు.

ఈయన అంతా విని, బూట్లు విప్పుతూ, "అయితె ఈ నెల చాయ్‌పత్త సగమే తెస్త" అన్నారు. నవ్వనివ్వండి.

మే 4, సోమవారం

ఎంత బాగుందో చెప్పలేను.

క్లాసు మూడింటికి. తల్లులందరికీ నడుం వాల్చాలనిపించే వేళ అది, పిల్లలను ఎవరి దగ్గరికి పంపుదామా అని చూస్తుంటారు. గది నిండిపోయింది. కూలరు ముందు కూర్చోవడానికి రెండు కొట్లాటలు.

మొదటి పాఠం గీత. "చుక్క కదిలితే గీత అవుతుంది" అన్నాను. చుక్కను ఎడమవైపు నుంచి కుడివైపుకు నడిపించమన్నాను. అందరూ నాలుకలు బయటపెట్టి, ఊపిరి బిగబట్టి గీస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. కిటికీ రెక్కలు గడగడలాడాయి. మైకుసెట్టు మీది డబ్బా కింద పడింది. చూస్తే అందరి గీతా ఒకే చోట ఎగిరి దూకింది.

ప్రశాంత్ అనే పిల్లాడు తన కాగితం ఎత్తి చూపించాడు. "ఆంటీ, గీత ఉలిక్కిపడ్డది."

హయ్యర్ పరీక్షలో ఇంత మంచి జవాబు నేను కూడా రాయలేదు. ఒక్క కాగితం కూడా దిద్దలేదు. ఇంటికొచ్చి పెద్ద గ్లాసుతో చాయ్ తాగాను. అల్లం వేసుకుని.

మే 6, బుధవారం

ఆకారం. గదిలో గుండ్రంగా ఉన్నవి, పలకగా ఉన్నవి వెతికించాను. గుండ్రని వాటిలో గట్టయ్య కాక పొట్ట కూడా చేరింది. కాక అప్పుడే లోపలికి తొంగిచూశాడు. విననట్టు వెళ్ళిపోయాడు.

ప్రశాంత్ బర్రెకు ఆరు కాళ్ళు గీశాడు. నా చెయ్యి దానంతటదే లేచింది. కొంగులో చుట్టి పెట్టుకున్నాను. "ఆరెందుకు నాన్నా?" అని మాత్రం అడిగాను.

"నడుస్తున్నది ఆంటీ. ఆగితె నాలుగే."

హర్షిణి అని ఒక పిల్ల. మూడో తరగతి. మాటలు తక్కువ, బలం ఎక్కువ. పెన్సిలుతో కాగితాన్ని దున్నుతుంది. ముల్లు విరగడం, చెక్కుకోవడం, మళ్ళీ విరగడం. కాగితం వెనక్కి తిప్పితే బొమ్మ అక్కడ కూడా పొడుచుకుని కనిపిస్తుంది.

"మెల్లగా గియ్యమ్మా. అంత నొక్కితే చిరుగుతుంది."

"మెల్లగ గీస్తె తెల్వది ఆంటీ."

"నాకు తెలుస్తుందిలే" అన్నాను. తలూపి, మళ్ళీ అంతే బలంగా నొక్కింది. ఆ పిల్లను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు. సాయంత్రానికి అందరూ దున్నడమే. చెక్కుడు పొట్టు ఊడ్చి నడుం పట్టేసింది.

అయినా చెయ్యి పెట్టలేదు. చాయ్ మూడుసార్లు.

మే 8, శుక్రవారం

హర్షిణి రెండు గుట్టలు గీసింది. మధ్యలో సూర్యుడు.

నిషేధం గుర్తు చేశాను. ఇంకొకరిది చూసి దించిన బొమ్మలు వద్దు, మన కళ్ళతో చూసినవి గియ్యాలి అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బాగానే వచ్చింది ఉపన్యాసం.

హర్షిణి లేచి నా చెయ్యి పట్టుకుంది. "రా ఆంటీ."

తీసుకెళ్ళి కాలనీ చివర, నీళ్ళట్యాంకు పక్కన నిలబెట్టింది. ఎదురుగా రెండు గుట్టలు. ఓపెన్‌కాస్టు తవ్వి పోసిన మట్టి. వాటి మధ్యకు సూర్యుడు దిగుతున్నాడు, బొమ్మలో ఉన్నట్టే. పక్కన మూడో గుట్ట ఇంకా సగమే అయింది. దాని మీద ఒక డంపరు మట్టి ఒంపుతోంది.

ఇన్నేళ్ళుగా ఆ గుట్టల వైపే తిరిగి దండెం మీద బట్టలు ఆరేస్తున్నాను. మట్టికుప్పలు అనుకున్నాను కానీ గుట్టలు అనుకోలేదు.

"కొబ్బరిచెట్టు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనుక.

"లేదు గద. అందుకే గియ్యలె."

రెండో నియమం రద్దు. నియమాన్ని రద్దు చేయడం వేరు, తప్పడం వేరు. వేదికకు ఇది వివరంగా చెప్పాను. పుస్తకంలోంచి తల ఎత్తకుండా "సరే అమ్మా" అంది. ఆ "సరే" నాకు నచ్చలేదు.

మే 12, మంగళవారం

రంగు. మూడు రంగులు కలిపితే లోకమంతా వస్తుంది అని చెప్పాను. లోకం రాలేదు. గిన్నెలన్నీ కలిపేసి ఒకటే రంగు తెచ్చారు, బురద రంగు. ఆ బురదతో అందరూ చెట్ల ఆకులు వేశారు. "ఆకులు పచ్చగా ఉంటాయి కదా" అంటే, "వానలు పడ్డంక ఆంటీ" అన్నారు కోరస్‌గా. నిజమే. మేలో మా వీధి చెట్లన్నీ ఆ రంగే.

చిన్న సంగతి ఒకటి జరిగింది. ప్రశాంత్ బర్రెకు కన్ను మరిచిపోయాడు. బర్రె అంత బాగుంది, కన్ను లేదు. చాలాసేపు చూశాను. ఒక్క చుక్క పెట్టాను.

చుక్క గీత కాదు. చుక్క కదిలితేనే గీత అని మొదటిరోజే చెప్పాను, సాక్షులున్నారు. ఈ చుక్క కదలలేదు.

"నీ చెయ్యి కదిలింది గదా" అంది వేదిక.

చాయ్ తాగాను. కానీ ముందున్నంత రుచిగా లేదు, పాలు పలుచన.

మే 15, శుక్రవారం

గరుకూ నునుపూ. ఈ పాఠం కోసమే పుట్టానేమో అనిపించింది.

మొదట కళ్ళకు గంతలు కట్టి వస్తువులు చేతికిచ్చాను. ఇటుక, గన్నీసంచి, వేపాకు, కాక కళ్ళజోడు పెట్టె. హర్షిణి ఒక్కటీ తప్పలేదు. వేపాకులో ఏ వైపు పైది, ఏ వైపు కిందిదో కూడా చెప్పింది. ఎలా తెలిసిందంటే "ఇంట్ల అలవాటే" అంది.

తర్వాత అసలు ఆట. కాగితాన్ని గరుకు వస్తువు మీద పరిచి, మెత్తటి బొగ్గుముక్కను పడుకోబెట్టి రుద్దాలి. ఎత్తున్నచోట నలుపు పడుతుంది, లోతున్నచోట తెల్లగా మిగులుతుంది. వస్తువు బొమ్మ దానంతటదే లేచి వస్తుంది. పిల్లలకు పిచ్చెక్కింది. సైకిలు టైరు, మ్యాన్‌హోల్ మూత, క్లబ్బు తలుపు చెక్కడం, ఒకరి జడ ఒకరు. కాలనీ మీద పడ్డారు.

ఈయన నైట్‌షిఫ్టు చేసి వచ్చి వరండాలో నిద్రపోతున్నారు. విప్పిన బూట్ల అడుగులు రుద్దుకొమ్మని నేనే చెప్పాను. బూట్ల పక్కనే పాదాలున్నాయి. ప్రశాంత్ పోల్చి చూసుకున్నాడట. పాదమే ఎక్కువ గరుకని తేల్చుకుని, దాని మీద కాగితం పెట్టి రుద్దాడు.

ఈయన లేచిన తీరు చూసి వీధిలో కుక్కలు మొరిగాయి.

"రమా, ఏంది ఇది? కొంపలు మునిగినట్టు కాలు గుంజుతున్నరు ఎవలో."

"పాఠం" అన్నాను.

పాదం బొమ్మ మాత్రం అద్భుతంగా వచ్చింది. మడమ పగుళ్ళన్నీ తెల్లటి వాగుల్లా. ఈయనే కాసేపటికి అడిగి తీసుకుని చూసుకున్నారు. అటక మీది పెట్టె మూత లోపల అంటించారు.

మే 19, మంగళవారం

జాగా. ముందున్నది వెనకున్నదాన్ని కప్పుతుంది. దగ్గరిది పెద్దగా, దూరానిది చిన్నగా. తేలిక పాఠం అనుకున్నాను.

హర్షిణి గుట్టలు మళ్ళీ గీసింది, ఈసారి పెద్ద అట్ట కాగితం మీద. బాగున్నాయి. కానీ ఒక గుట్ట పొట్టలో ఇల్లు గీసింది. దర్వాజా, పక్కన చెట్టు, పశువుల కొట్టం, అన్నీ గుట్ట లోపల.

"ఇల్లు గుట్ట లోపల ఎట్లా ఉంటుందమ్మా? ముందుండాలి. లేదా వెనక."

"ముంగట లేదు ఆంటీ. కింద ఉన్నది."

"కింద అంటే, కాగితంలో ఇక్కడ. గుట్ట ముందర."

"కాదు. కింద."

ఎంత చెప్పినా అదే మాట. గుట్టకు రంగు వెయ్యమంటే వెయ్యనంది. వేస్తే ఇల్లు పోతుందట. ఆలోచించుకో అని వదిలేశాను. నేర్పేవాళ్ళకు ఓపిక ఉండాలి.

ఇంకొక పిల్లకు ఇంటి పైకప్పు కుదరడం లేదని చెయ్యి పట్టుకుని గీయించాను. పెన్సిలు పిల్లదే. చెయ్యి కూడా పిల్లదే. నేను పైన ఊరికే ఉన్నాను.

చాయ్ తాగుతుంటే వేదిక వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏమీ అనలేదు. కూర్చుంది, అంతే. ఆ పిల్లకు ఏ పోలీసు ఉద్యోగమో రావాలి.

మే 23, శనివారం

గట్టయ్య కాక చూడటానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క బొమ్మ ముందు ఆగాడు.

"ఇది బర్రెనా?"

"అవును కాకా."

"ఆరు కాళ్లేంది?"

"నడుస్తోంది."

"ఈ ఆకులు ఎందుకు నల్లగున్నయి? ఈ గుట్టల ఇల్లేంది? ఇది ఏంది, మనిషా, చీపురా?"

అది కాక బొమ్మే. చెప్పలేదు.

పోతూపోతూ గడప దగ్గర ఆగాడు. "బిడ్డ, నీ మీద నాకు కోపం లేదు. కని తల్లిదండ్రులు వచ్చి ఇవి చూస్తె ఏమంటరు? నేను క్యారంబోర్డు పౌడర్ తెప్పియ్యాల్నా వద్దా, జల్ది చెప్పు."

గది చుట్టూ చూశాను. మేం ఊడ్చుకున్న గది, మేం కడిగిన కిటికీ. ఇక్కడ నన్ను ఎవరూ వేదిక అమ్మ అనరు, రఘురాం భార్య అనరు. ఈ గది పోతే మళ్ళీ స్టవ్వు ముందరికే.

ఒకరిద్దరి బొమ్మల్లో నీడలు వేశాను. నీడ అంటే గీత కాదు. వెలుగు లేకపోవడం.

తలనొప్పికి చాయ్ తాగాను. తలనొప్పికి తాగేది మందు కిందికి వస్తుంది.

మే 25, సోమవారం

లయ. ఒకే ఆకారం మళ్ళీ మళ్ళీ వస్తే కంటికి చప్పట్లు వినిపిస్తాయి అని చెప్పి, నిజంగా చప్పట్లు కొట్టించాను. నైట్‌షిఫ్టు వాళ్ళు ముగ్గురు లుంగీల మీదే వచ్చారు. పాఠం ముగిసింది.

తూకం, పొందిక రేపు. రేపు కాకపోతే ఎల్లుండి.

మే 29, శుక్రవారం

ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. డైరీ దగ్గర అబద్ధం ఎందుకు.

బొమ్మలన్నీ అట్టలకు అంటించాలని ఇంటికి తెచ్చాను. మధ్యాహ్నం. కరెంటు లేదు. ఈయన మొదటి షిఫ్టు. సాక్షి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. అంటించే ముందు మరకలు తుడుద్దామని రబ్బరు తీశాను. మరకలే. రబ్బరు పెన్సిలు కాదు గదా, నియమంలో రబ్బరు అనే మాటే లేదు.

బర్రె దగ్గరకొచ్చేసరికి రెండు కాళ్ళు మరకల్లా కనిపించాయి.

అవి తీసేశాక బర్రె ఒక పక్కకు ఒరిగింది. మిగతా నాలుగూ సర్దాల్సి వచ్చింది. సర్దడానికి పెన్సిలు కావాలి. ఆ తర్వాత గుర్తులేదు. కాక ముఖానికి ముక్కు పెట్టాను. ఆకులు పచ్చబడ్డాయి. ఉలిక్కిపడ్డ గీతలు తిన్నగా సాగాయి. ఇళ్ళకు కిటికీలు, కిటికీలకు పరదాలు. నా చెయ్యి ఎన్నాళ్ళ ఆకలి మీద ఉందో. ఏం సుఖంగా పరుగెత్తిందో.

హర్షిణి ఇల్లు మాత్రం ఓ పట్టాన పోలేదు. అంత నొక్కి గీసింది. రబ్బరు అరిగింది, వేళ్ళు నొప్పెట్టాయి. చివరికి తెల్లబడింది. గుట్ట ముందర, ఉండాల్సిన చోట, చిన్న పెంకుటిల్లు సన్నటి గీతలతో వేశాను. చాలా నాజూగ్గా వచ్చింది. పక్కన ఒక కొబ్బరిచెట్టు కూడా.

అవును. కొబ్బరిచెట్టు.

చాయ్ మూడు కప్పులు. ఈ నెల నియమం ఈ నెల పిల్లల కోసం. గది వస్తే జూన్ నుంచి అసలు నియమం మొదలవుతుంది. గది రాకపోతే నియమం ఎవరి కోసం?

మే 31, ఆదివారం

చెయ్యి ఇంకా నల్లగా ఉంది. పేజీకి అంటుతోంది. అయినా రాయాలి.

పొద్దున్నే అన్నీ గోడకు పెట్టాం. తల్లులు పట్టుచీరలు, తండ్రులు ఇస్త్రీ చొక్కాలు. "మా పోరడు ఇంత మంచిగ గీసిండా" అని మురిసిపోయారు. నేను తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాను. గట్టయ్య కాక ఒక చుట్టు తిరిగి వచ్చి, "మంచిగనే ఉన్నయి బిడ్డ. కని అన్ని ఒక్క ఇంటి పిల్లలు గీసినట్టున్నయి" అన్నాడు. పొగడ్తో కాదో అర్థం కాలేదు.

పిల్లలే మాట్లాడలేదు. నెలంతా నోరు మూయని పిల్లలు బొమ్మల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ప్రశాంత్ బర్రె కాళ్ళు వేలితో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఆంటీ, నా బర్రె ఆగిపోయింది."



అప్పుడే హర్షిణి వాళ్ళ నాయనమ్మను తీసుకొచ్చింది. లింగవ్వ. రెండు కళ్ళకూ పొరలు, చూపు ఆనదు. మనవరాలి భుజం పట్టుకుని నడుస్తోంది. హర్షిణి తన బొమ్మ ముందు ఆగింది. చూసింది. దాని ముఖంలోకి నేను చూడలేకపోయాను.

"ఏది బిడ్డ నా ఇల్లు?" అంది ముసలామె. చెయ్యి చాచి అట్ట మీద వేళ్ళు ఆడించింది. నా పెంకుటింటి మీదుగా వేళ్ళు పోయాయి, ఆగలేదు. అంత నాజూకు గీతలు వేళ్ళకు ఎలా తెలుస్తాయి? కొబ్బరిచెట్టు మీదుగా పోయాయి. గుట్ట మీదికి ఎక్కాయి. గుట్ట పొట్ట దగ్గర, ఏమీ లేని తెల్లటి చోట, ఆగాయి.

"ఇగో. ఇది దర్వాజ. ఇది నా యాపచెట్టు. ఇది కొట్టం. ఓ, కొట్టం కూడ పెట్టినవా?"

కాక వంగి చూశాడు. "ఏడున్నది అవ్వ? ఏం లేదు గక్కడ. తెల్లగున్నది."

"నీ కండ్లు చూపిచ్చుకో కొడుకా" అంది లింగవ్వ. "మా ఊరు గనికి తీసుకున్నంక ఈ మట్టంత తెచ్చి దాని మీదనే పోసిరి. నా ఇల్లు గుట్ట కింద ఏ మూలకున్నదో మా మనుమరాలు లెక్కగట్టి చెప్పింది. నాకు చూపు లేదని ఒత్తి గీసి ఇస్తది, నేను ఏలు పెట్టి చూసుకుంట. రోజు చూసుకుంట."

మెల్లగ గీస్తే తెల్వది ఆంటీ. కింద ఉన్నది ఆంటీ. ఎన్నిసార్లు చెప్పింది ఆ పిల్ల. గుట్ట కింద ఊరు ఉందని కాలనీలో తెలియనిదెవరికి? నాకూ తెలుసు. ముందేది, వెనకేది అని నేర్పుతూ కూర్చున్నాను కానీ వినలేదు.

"ఇల్లు నేనే చెరిపాను" అన్నాను. గొంతు పెద్దగానే వచ్చింది, గదంతా తిరిగింది. "గుట్ట ముందరిది నేను గీసిందే. బర్రె కాళ్ళూ నేనే తీశాను. ఇక్కడ పిల్లల బొమ్మలేవీ లేవు. అన్నీ నావే. నన్ను క్షమించు హర్షిణీ."

హర్షిణి మూలన ఉన్న బుట్టలోంచి బొగ్గుముక్క తెచ్చింది. పడుకోబెట్టి గుట్ట మీద రుద్దడం మొదలుపెట్టింది. గుట్ట నల్లబడింది. నల్లటి గుట్ట లోపల తెల్లటి దర్వాజా లేచింది. చెట్టు లేచింది. కొట్టం లేచింది. రబ్బరు చెరిపింది పెన్సిలు నలుపును, లోతును కాదు. ఎత్తున్నచోట నలుపు, లోతున్నచోట తెలుపు. ఆ పాఠం చెప్పింది నేను, గుర్తుంచుకుంది ఆ పిల్ల.

"అవ్వ, ఇప్పుడు నాకూ కనవడుతున్నది" అన్నాడు గట్టయ్య కాక, మెల్లగా. ఆ ఊళ్ళో లింగవ్వ పక్కింటాయన ముందుకొచ్చి, ఆ కొట్టం పక్కదే మా ఇల్లు అన్నాడు.

అంతలో ప్రశాంత్ అరిచాడు. "నా బర్రె కాళ్లు కూడ ఉంటయి."

ఇక చూడాలి. బుట్ట మీద పడ్డారు. మొదటి వారంలోనే అందరూ దున్నడం నేర్చుకున్నారు కదా, ఆ పుణ్యం ఇప్పుడు పండింది. బర్రె పరుగెత్తింది. ఉలిక్కిపడ్డ గీతలన్నీ మళ్ళీ ఉలిక్కిపడ్డాయి. కాక మళ్ళీ చీపురయ్యాడు. నా పరదాలు, నా పచ్చటి ఆకులు, నా కొబ్బరిచెట్టు అన్నీ బొగ్గు కిందికి పోయాయి. ఏం చెప్పను, నాకు ఒక్కటి పోయినందుకు కూడా బాధ లేదు. తల్లులు చేరారు. పట్టుచీరల తల్లులు. ఒక తండ్రి, బొమ్మ అయిపోయాక ఆగలేక, గోడ రుద్దాడు. గోడ గరుకు బ్రహ్మాండంగా వచ్చింది. నేను కూడా రుద్దాను, పిల్లలు చూపించిన చోట మాత్రమే.

అందరూ వెళ్ళాక గట్టయ్య కాక గది మధ్యలో నిలబడ్డాడు. గోడలు నలుపు, నేల నలుపు, కుర్చీలు నలుపు. తెల్లచొక్కా మీద చిన్న చేతుల అచ్చులు, పొట్ట చుట్టూ.

"ఇంత బొగ్గు పడ్డంక ఇగ క్యారంబోర్డు ఎట్ల ఆడుతరు" అన్నాడు. చొక్కా చూసుకున్నాడు. దులుపుకోలేదు. "ఆదివారం ఆదివారం నువ్వే ఉంచుకో. కని నన్ను చీపురు లెక్క ఎవలు గీసిన్రో వానికి జర నా పేరు చెప్పి ఒక చాక్లెట్ ఇయ్యి."

చాయ్ బంద్. ఎవరూ చెప్పలేదు, నాకు నేనే. శుక్రవారంవి, అంతకు ముందువి, అన్నీ కలిపి వారం రోజులు.

జూన్ 7, ఆదివారం

వారం గడిచింది. ఈయన పొద్దున గ్లాసు నిండా చాయ్ పోసి చేతికిచ్చారు. అల్లం వేసి. "తాగు. నువ్వు చాయ్ తాగక మేమందరం పరేషాన్ అయితున్నం" అన్నారు.

కొత్త నియమాలు. వేదిక దగ్గర ఉండి రాయించింది.

ఏ పిల్ల కాగితం మీదా నా పెన్సిలు పడదు. రబ్బరు పడదు. చుక్క పడదు. నీడ పడదు. పిల్ల చెయ్యి మీద నా చెయ్యి ఉండదు. బొమ్మలు ఇంటికి రావు. తలనొప్పి చాయ్ కూడా చాయే.

మొదటి ఆదివారం క్లాసు. తూకం. గోడలు కడగలేదు, కడగనివ్వలేదు.

హర్షిణి మూడో గుట్ట గీసింది. సగం పోసిన గుట్ట, పైన డంపరు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, "కండ్లు మూసుకో ఆంటీ" అంది. మూసుకున్నాను. నా చెయ్యి ఒకటి బయటికి లాగి, వేలు పట్టుకుని కాగితం మీద పెట్టింది.

గుట్ట ఎక్కాను. డంపరు తగిలింది. మట్టి జారుతోంది, గరగరా తెలిసింది. చక్రాలు తగిలాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. బాగున్నాయి. చాలా బాగున్నాయి.

నాలుగోది మాత్రం కొంచెం వంకర. కొంచెమే. ఒక్క చిన్న చుక్క పెడితే సరిపోయేది.

కళ్ళు తెరిచేసరికి వేదిక ఎదురుగా కూర్చుని ఉంది. చెయ్యి మళ్ళీ తొడ కింద పెట్టుకున్నాను.

నియమం ఈరోజు నుంచే.